కూర్చున్న బోల్టు

2017వ సంవత్సరం జూన్ నెల పదకొండవ తేదీ, ఆదివారం. తెల్లవారేసరికే సూరత్ నగరం మీద మబ్బు దట్టంగా కమ్ముకొని ఉన్నది గాని ఒక్క చినుకూ రాలలేదు. సముద్రం వైపు నుండి వీచవలసిన గాలి ఎక్కడో ఆగిపోయింది. ఆరేసిన బట్ట ఆరదు, తుడిచిన ముఖం తడి వదలదు. వానకాలం గడప దాటి లోపలికి రావడానికి సందేహిస్తున్నట్లుండే ఇటువంటి దినాలు ప్రతి యేటా కొన్ని ఉంటాయి. పాఠశాలలో ఉన్న రోజుల్లో 'ఉక్క' అన్న మాటకు అర్థం చెప్పే శ్రమ నాకు ఈ దినాలలో తప్పేది.

ఆ ఉదయం లింబాయత్‌లోని మా ఇంటి ముందు పరుశురాం నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మోటారు సైకిలును ఆపనూ లేదు.

"సార్, జర నాతోని పల్సానా దాక వస్తరా? కరుణ ఇయ్యాల బండి నడుపుతది. నడిపితే బతకది" అన్నాడు.

ఈ పరుశురాం ఎవరో, కరుణ ఎవరో, ఆ బండి ఏమిటో చెప్పకుండా ముందుకు నడిస్తే చదువరికి అన్యాయం చేసినవాడనవుతాను. కనుక ఆ మోటారు సైకిలును అలాగే గుడగుడలాడనిచ్చి కొంత వెనక్కు వెళతాను.

నేను ఈ నగరంలోని తెలుగు మాధ్యమ పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందినవాడను. నా తరగతులలో కూర్చున్న పిల్లలు దాదాపు అందరూ మరమగ్గాల కార్మికుల బిడ్డలు. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, కొట్టు దగ్గర గుజరాతీ మాట్లాడి, నా దగ్గరికి వచ్చేసరికి మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి తెచ్చేవారు. వాటిని విడదీయడంలోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. పరుశురాం, అతని చెల్లెలు కరుణ, తరువాత ఆమెకు భర్త అయిన సంపత్, ముగ్గురూ నా విద్యార్థులే.

పరుశురాం తండ్రి రాజలింగం కరీంనగరం ప్రాంతం నుండి వచ్చి లింబాయత్‌లో మగ్గం పట్టాడు. కొడుకు ఏడవ తరగతిలో ఉండగా ఒకనాడు మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె దారి తప్పి ఎగిరి రాజలింగం ఎడమ కంటిని తీసుకుపోయింది. తండ్రికి అన్నం డబ్బా తెచ్చిన పరుశురాం అప్పుడు గుమ్మంలోనే ఉన్నాడు. మగ్గాల యజమాని అయిన షేఠ్ తొందరపెట్టి మగ్గం వేగం పెంచాడనీ, పెరిగిన వేగానికి నాడెను ఆపే తోలుపట్టీ చాలలేదనీ తరువాత పెద్దలు అనుకోగా విన్నాడు. ఆనాటి నుండి వేగంగా కదిలే ప్రతి వస్తువూ వాడికి భయమే. పాఠశాల మైదానంలో బంతి వస్తే పట్టుకోకుండా తప్పుకునేవాడు.

భయానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో నేను పిల్లలతో పలకపై రాయించేవాడిని. బెదురు పశువుది, చప్పుడు ఆగితే అదీ ఆగుతుంది. జంకు పదిమంది ముందు నిలబడేవాడిది. దడ గుండెది. దిగులు మాత్రం మనిషిలో కాపురం పెడుతుంది, దానికి చప్పుడుతో పని లేదు. పరుశురాంది దిగులు. విచిత్రమేమిటంటే, దేనికి దిగులుపడేవాడో దాన్ని విడిచి ఉండలేకపోయేవాడు. పదవ తరగతి కాగానే మగ్గాలు బాగుచేసే జాబర్ల వెంట తిరిగి తానూ జాబరైనాడు. షేఠ్‌లు వేగం పెంచమంటే పెంచేవాడు. కాని వేగం పెంచిన మగ్గం దగ్గరికి అన్నం తిని మళ్లీ వచ్చేవాడు, టీ తాగి మళ్లీ వచ్చేవాడు, ప్రతి పట్టీనీ చేత్తో తడిమి చూసేవాడు. అతను సవరించిన మగ్గం నుండి నాడె ఎగిరినట్లు నేను వినలేదు. కొన్నేళ్ళకు మగ్గాలు విడిచి ఉధ్నాలో ఒక కార్ల గ్యారేజీలో చేరాడు. ఇంజనులు మూసిన పెట్టెలో తిరుగుతాయి గదా సార్, ఏదీ బయటికి ఎగురదు, అని నాతో కారణం చెప్పాడు. పాపం, ఆ మాట నిజమని అప్పటికి అతను నమ్మాడు.

కరుణ అన్నకు పూర్తిగా ఎదురు. మగ్గాల నడుమ సందుల్లో పరుగులు తీస్తూ పెరిగింది. సంపత్‌కు పల్సానాలో చిన్న మగ్గాల షెడ్డు ఉండేది. పెండ్లయ్యాక కరుణ టెంపో నేర్చుకొని బట్ట థాన్లను అద్దకపు మిల్లులకు తానే చేరవేసేది. మోటారు పందేల పిచ్చి నిజానికి సంపత్‌ది. పాత పెట్రోలు కారు ఒకటి కొని, పల్సానా అవతల కట్టుబడి నిలిచిపోయిన కార్ఖానా స్థలంలోని తిన్నటి సిమెంటు బాట మీద ఒక క్లబ్బువారు పెట్టే పరుగుపందేలకు పోయేవాడు. పోయి ఓడేవాడు. ఒకసారి సరదాకు కరుణ నడిపితే అతనికంటె ముందు చేరింది. సంపత్ నోటి దురుసువాడే గాని ఈర్ష్య ఎరుగడు. ఆనాడే తాళంచెవి భార్య చేతికిచ్చి, ఇంజను బలం పెంచమని పరుశురాం దగ్గరికి కారును తోలుకొచ్చాడు.

ఇంజను సంగతి నాకు తెలిసినంత వరకు చెబుతాను. ఇంజను ఊపిరి తీసి వదలడం వల్ల బలం పుడుతుంది. నిమిషంలో ఎక్కువసార్లు ఊపిరి తీస్తే ఎక్కువ బలం. తయారుచేసినవారు నిమిషానికి ఆరువేల చుట్ల దగ్గర కళ్ళెం వేసి పంపిన ఇంజనును పరుశురాం ఎనిమిది వేల దాకా తిరిగేటట్లు చేయాలి. తిప్పడం కష్టం కాదట. లోపల పైకి పోయిన ప్రతిదాన్నీ ఆపి, మళ్లీ కిందికి లాగాలి. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలవుతుంది. అందుకని వాల్వులకు గట్టి స్ప్రింగులు వేశాడు. పిస్టన్లను అరగదీసి తేలిక చేశాడు. అన్నిటినీ ఒకే తూకానికి తెచ్చాడు. నెలల తరబడి సాగిన ఆ పనిలో అతని ముఖం పీక్కుపోయింది. పిస్టన్‌ను మోసే కడ్డీ ఒకటుంటుంది, దాని కింది చెవిని రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. ఆ బోల్టు తెగితే కడ్డీ ఇంజను గోడను చీల్చుకొని బయటికి వస్తుంది, చక్రాలు బిగుసుకుపోతాయి, చిమ్మిన నూనె టైర్ల కిందికి పోతుంది. తన చెల్లెలి కాళ్ళకు జానెడు దూరంలో అది జరుగుతుందని అతను నాకు చెప్పినప్పుడు మా వరండాలో నడివేసవి ఎండ కాస్తున్నది. నీడలోకి జరగాలన్న ధ్యాస కూడా అతనికి లేదు.

ఈ దిగులు అతను దాచుకోలేదు. కారు అప్పగించాక సంపత్‌కు మాటిమాటికీ ఫోను చేసేవాడు. నూనె చూసినవా, వేడెక్కుతున్నదా, చప్పుడు మారిందా. సంపత్ అతనికి 'భయం మేస్త్రి' అని పేరు పెట్టాడు. పందెం వారంలో ఒకనాడు నేను పరుశురాం పక్కనుండగానే ఫోనులో వాయించాడు: "బావా, నువ్వు ఇంజన్ చేసినవా, పసిపిల్లను కన్నవా? పొద్దుందాక పాలు తాగిందా, పన్నదా అని అడుగుతవేంది?" పరుశురాం నవ్వలేకపోయాడు.

అంత దిగులుపడేవాడు చేసిన తప్పు, దిగులుపడనివాడు చేయని తప్పు. జాబర్లలో ఒక నమ్మకం ఉన్నది. మగ్గం రేయింబవళ్ళు అదురుతుంది. ఆ అదురుకు కొత్త బోల్టు వదులవుతుంది, వారం పొడుగునా బిగిస్తూ ఉండాలి. ఏళ్ళ తరబడి ఆ అదురు తిని నిలిచిన పాత బోల్టు ఇక కదలదు. దాన్ని 'కూర్చున్న బోల్టు' అంటారు. మగ్గం తుక్కుకు పోయినా జాబరు దాని కూర్చున్న బోల్టులను విప్పుకొని డబ్బాలో దాచుకుంటాడు, తన మగ్గంలో ప్రమాదమైన చోట వాటినే వేస్తాడు. పరుశురాం కడ్డీల కోసం కొత్త బోల్టులు తెప్పించాడు. చివరి దినాన వాటిని చేతిలో పెట్టుకొని చూస్తే మనసు ఒప్పలేదు. ఎవరి చేత పరీక్షింపబడినవి ఇవి? ఆ ఇంజనులోనే లక్ష కిలోమీటర్లు తెగకుండా నిలిచిన పాతవి ఎదురుగా ఉన్నాయి. చెల్లెలి ప్రాణం కదా అని, కూర్చున్న బోల్టులే వేశాడు.

పందెం నాటి పొద్దున, అరువు తెచ్చిన బిగింపు పానా తిరిగి ఇవ్వడానికి ఉధ్నాలో లేతు యంత్రం నడిపే గుజరాతీ పెద్దాయన దగ్గరికి పోయాడు. అందరూ ఆయనను కాకా అంటారు. వాడని కొత్త బోల్టులు కూడా ఆయన దగ్గరే ఉంచుదామని సంచిలోంచి తీశాడు. ఇవి వేయలేదా అని కాకా అడిగితే, పరుశురాం తన జాగ్రత్తను కొంత గర్వంతోనే వివరించాడు. కాకా టీ గ్లాసు కింద పెట్టేశాడు. మగ్గం బోల్టు వేరు, ఇది వేరు అన్నాడు. దీన్ని బిగించినప్పుడు వెంట్రుకవాసి సాగుతుంది, ఆ సాగుడే దాని పట్టు. ఒకసారి సాగి, ఏళ్ళ తరబడి లాగుడు తిన్నదాన్ని విప్పి మళ్లీ సాగదీస్తే పాత లాగు నడుములో సాగిపోయిన రబ్బరు మాదిరి అవుతుంది. ఆరువేల దగ్గర ఏమీ కాకపోవచ్చు. ఎనిమిది వేల దగ్గర తాను మాత్రం ఆ బండి ఎక్కనన్నాడు.

పరుశురాం అక్కడినుండే ఫోను చేశాడు. సంపత్ ఎత్తి, ఇయ్యాల ఒక్కనాడన్న నీ భయం నీ జేబులో పెట్టుకో బావా అని, మాట సాంతం వినకుండానే పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కరుణ ఫోను పందెం నాడు సంపత్ సంచిలోనే ఉంటుంది. తన మాటకు విలువ లేదు, సార్ చెబితే సంపత్ ఆగుతాడు అన్న ఒక్క ఆశతో అతను మా గడప దగ్గరికి వచ్చాడు.

ఇప్పుడు ఆ మోటారు సైకిలు ఎక్కవచ్చు. ఇంజనుల వేగం పెంచే ఈ మనిషి రోడ్డు మీద ఎద్దుబండిని కూడా దాటనివాడని ఉధ్నా అంతా ఎగతాళి చేసేది. ఆనాడు మాత్రం లారీల సందుల్లోంచి ఎలా దూరాడో నాకు తెలియదు. నేను కళ్ళు మూసుకున్నాను. దారిలో నన్ను ఒకే ఒక మాట అడిగాడు, అదీ తల తిప్పకుండా: "సార్, ఈపాటికి ఒక్కసారన్న నడిపి ఉంటదా?"

కార్ఖానా స్థలానికి మేము చేరిన ద్వారం బాట మొదట్లో లేదు, కొంత ముందుకు ఉన్నది. జనం తాడు పట్టుకొని నిలబడ్డారు. లౌడు స్పీకరులో హిందీలో ఎవరో అరుస్తున్నారు. కరుణ మొదటి పరుగు గెలిచిందనీ ఇది రెండవదనీ ఆ అరుపుల వల్లనే తెలిసింది. కార్లు రెండూ మా వైపు ముఖం పెట్టి గీత మీద నిలిచాయి. ఎడమవైపుది కరుణది. సంపత్ ఇంకా అవతల, గీతకు వెనుక ఉన్నాడు. నేను సంపత్, సంపత్ అని నలభై ఏళ్ళ తరగతి గొంతుతో అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. ఇంజనులు రెండూ ఒక్కసారి గొంతెత్తాయి. కరుణ ఇంజను చప్పుడు పైకి, ఇంకా పైకి పోయి సన్నని ఈల వంటి చోట నిలిచింది. జెండా మనిషి చేయి ఎత్తాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మరమగ్గాల షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడదు. అక్కడివారు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందని ఒక సైగ, టీకి పోదామని ఒక సైగ, షేఠ్ వస్తున్నాడని మూతి విరుపుతో సహా ఒక సైగ. వాటిలో ఒక దానిని మాత్రం ఎవరూ వేళాకోళానికి వాడరు. రెండు చేతులూ తలపైకి ఎత్తి ఒక అరచేతిని రెండవదాని మీదికి అడ్డంగా కొడితే, నాడె ఎగరబోతున్నదని. అది చూసినవాడు తన మగ్గమా, పక్కవాడిదా అని ఆలోచించడు. ముందు ఆపుతాడు, తరువాత అడుగుతాడు. షెడ్డు పిల్లలు నడక కంటె ముందు దీన్ని నేర్చుకుంటారు.

పరుశురాం నీళ్ళ ట్యాంకరు వెనుక నిచ్చెన ఎక్కాడు. జనం తలల పైన నిలబడి రెండు చేతులూ ఎత్తి, అరచేతిని అరచేతి మీద అడ్డంగా కొట్టాడు. ఒకసారి కాదు, ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. పట్టు లేక నిచ్చెన మీద ఊగిపోతున్నాడు. జెండా దిగింది. కుడివైపు కారు బాణంలా మా ముందు నుండి పోయింది.

ఎడమవైపు కారు కదలలేదు. దాని చప్పుడు ఆగిపోయింది.

కరుణ దిగి హెల్మెట్ తీసి అన్న కోసం వెతుకుతూ నడిచి వచ్చింది. అతను నిచ్చెన దిగి మట్టిలోనే కూలబడి ఉన్నాడు.

"ఏమైంది అన్నా?"

"పాత బోల్టులే ఏసిన."

"కొత్తయి తెప్పించినవు గద?"

"కూసున్న బోల్టు మంచిదనుకున్న. నీ బండి అని."

ఆమె షెడ్డు బిడ్డ. ఆ మాట ఆమెకు అర్థమైంది. అన్న పక్కనే మట్టిలో కూర్చుంది, హెల్మెట్‌ను ఒడిలో పెట్టుకొని. ఈలోగా సంపత్ పరుగెత్తుకొచ్చాడు. నన్ను చూసి నమస్కారం పెట్టడం మరిచిపోలేదు. పెడుతూనే పరుశురాం మీద పడ్డాడు.

"పదిమందిల ఇజ్జత్ తీసినవ్. నీకు భయమైతే ఇంట్ల తలుపేస్కొని పండు. మొదటి చక్కర్ మంచిగనే పాయె గదా?"

"పాయె" అన్నాడు పరుశురాం. "ఇది గూడ పోతుండెనో ఏమో. నాకు తెల్వది బావా."

కారును తాడు కట్టి ఉధ్నాకు లాక్కొచ్చారు. మర్నాడు కాకా ఎదుట ఇంజను విప్పగా బోల్టులలో ఒకటి తక్కినవాటికంటె వెంట్రుకవాసి పొడుగ్గా ఉన్నది, నడుము దగ్గర కొద్దిగా సన్నబడి. నేను దానిని చేతిలోకి తీసుకొని చూశాను; నా కంటికి ఏ తేడా కనబడలేదు. ఇది ఆ రెండవ పరుగులో తెగేదేనా అని సంపత్ అడిగాడు. తెగేదేమో, ఇంకా పది పరుగులు నిలిచేదేమో, ఇనుము ముందుగా చెప్పదు అన్నాడు కాకా. నేనైతే ప్రాణం దక్కిందని అనుకున్నాను. సంపత్ గెలిచే పందెం పోయిందన్నాడు, చాలాకాలం అంటూనే ఉన్నాడు. పరుశురాంకు మాత్రం ఏదీ తేలలేదు. తప్పు ఎంతటిదో తేలనివాడికి శిక్ష ఎక్కడ ముగుస్తుంది?

వానలు వెలిశాక కొత్త బోల్టులతో కరుణ మళ్లీ నడిపింది. అతను వచ్చాడట, కాని బాట వైపు వీపు పెట్టి నిలబడ్డాడట. మరుసటి సంవత్సరం పందెపు ఇంజనులు కట్టే ఒక దుకాణంలో పని దొరికి కోయంబత్తూరు వెళ్ళిపోయాడు. నా పాత విద్యార్థులు నాకు చేతిరాతతోనే రాయాలన్న నియమం ఒకటి పెట్టుకున్నాను. దాన్ని పాటించేవారు నానాటికీ తగ్గుతున్నారు. 2024 ఫిబ్రవరిలో పరుశురాం నుండి వచ్చిన ఉత్తరాన్ని ఎర్ర కలం తీయకుండా ఉన్నదున్నట్లు ఇస్తున్నాను.

"సార్‌కు పరుశురాం నమస్కారాలు. నేను బాగున్న. మీ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదో రాయండి.

కరుణ ఆ కారు అమ్మేసింది. ఇద్దరు పిల్లలతోని ఇగ కుదుర్తలేదన్నది. అంక్లేశ్వర్ ఊరి పిల్లగాడు ఒకడు కొన్నడు, ఇరవై రెండేండ్లుంటయి. సంగతి తెలిసి నేను రైలెక్కి వచ్చి, వాడు తీస్కపోకముందే ఇంజను మళ్ల విప్పిన. అమ్మేటోడు అడగలే, కొనేటోడు అడగలే, నీకేంది బావా అని సంపత్ నవ్విండు. మీ ఇంటికి రాలేకపోయిన, తప్పుగ అనుకోవద్దు. కొత్త బోల్టులు ఏసి, కొలిచి, బిగించి ఇచ్చిన. ఎనిమిది వేలు దాటనియ్యకు అని వానికి చెప్పిన. ఊఁ అన్నడు. ఫోన్ చూస్కుంట అన్నడు సార్ ఆ ఊఁ.

ఇక్కడ నేను కట్టిన ఇంజన్లు శానా ఊర్లకు పోతయి. అవి నడిపేటోళ్ళ మొఖాలు నేను చూడను. ఈ పిల్లగాని మొఖం చూసిన. అదే తప్పైంది. నెలకోసారి వానికి ఫోన్ చేస్త. బండి ఎట్లున్నది అంట, మంచిగున్నది అంటడు, పెట్టేస్త. ఇంకేం మాట్లాడాల్నో తెల్వది. వాడు నన్ను పిచ్చోడనుకుంటున్నడని కరుణ చెప్పింది.

నిన్న చేస్తే ఎత్తలే. ఇయ్యాల పొద్దున చేసిన, ఎత్తలే. పనిల మనసు పడక దుకాణం బయట కూసొని మీకు ఇది రాస్తున్న. రాసుకుంట ఉంటే కొంచెం ఆగుతది లోపల.

సార్, ఇప్పుడే వాడే చేసిండు. ఫోన్ నీళ్ళల్ల పడ్డదట. బండి మంచిగున్నదట. అన్నం తింటున్నడట. ఇగ నేను గూడ పోయి తింట."